‘అగ్లూటినేట్’ అంటే రక్తం గడ్డకట్టడమేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) రెండో ఏడాది చదువుతున్నవారు జూనియర్ల కోసం బ్లడ్ గ్రూపింగ్ నోట్సు తెలుగులో రాస్తున్నారు. ‘అగ్లూటినేట్’ అన్న క్రియకి ‘గడ్డకట్టు’ అని రాస్తే వాళ్ళ సార్ కొట్టేశారు. పుస్తకంలో ‘గుచ్ఛీకరణం’ అని ఉంది కానీ అది ఎవరికీ ఎక్కడం లేదు. మరి ఏం రాయాలి? తెలుగుని కూడా అగ్లూటినేటివ్ భాష అంటారు కదా, ఆ మాటా ఈ మాటా ఒకటేనా?

మీ సార్ కొట్టేయడం న్యాయమే. ‘గడ్డకట్టు’ అని రాయకండి, ‘ఉండకట్టు’ అని రాయండి. ఉప్మాలో రవ్వ ఉండలు కట్టిందంటామే, ఆ కట్టడమే ఇది. బ్లడ్‌బ్యాంకులో 28 ఏళ్ళు పనిచేశాను, అందులో సగం ఏళ్ళు మీలాంటివాళ్ళకి పాఠం కూడా చెప్పాను. ఈ ఒక్క మాట సరిగ్గా పడితే గ్రూపింగ్‌లో సగం తప్పులు వాటంతటవే పోతాయి.

మాటల మీద చాదస్తం అనుకోకండి. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, రాత్రి డ్యూటీ. కాన్పు వార్డు నుంచి ప్లెయిన్ ట్యూబులో, అంటే గడ్డకట్టకుండా ఆపే మందు లేనిదానిలో, శాంపిల్ వచ్చింది. సగం గడ్డకట్టింది, సగం ఇంకా కట్టలేదు. తొందరలో పైనుంచి చుక్క తీసి టైల్ మీద వేశాను. యాంటీ ఏ (‘ఏ’ రకం కణాలని పట్టే ద్రావణం) దగ్గర సాఫీగా ఉంది, యాంటీ బీ దగ్గర ఎర్రటి చిన్న ముక్క ఒకటి తేలింది. ‘బీ పాజిటివ్’ అని రిజిస్టర్లో ఎక్కించబోతుంటే పక్క టేబుల్ నుంచి సీనియర్ అక్క లేచొచ్చింది. పుల్ల తీసుకుని ఆ ముక్కని మెల్లిగా పైకెత్తింది. మరిగిన పాల మీద మీగడ పుల్లకి పట్టుకొచ్చినట్టు, ముక్క వెనకే సన్నటి దారం లేచింది. “ఇది క్లంప్ కాదురా, ఫైబ్రిను. ఈడీటీఏలో కొత్త శాంపిల్ తెప్పించు” అంది. తెప్పిస్తే ఓ పాజిటివ్. ఓ గ్రూపు బాలింతకి బీ రక్తం ఎక్కితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. క్రాస్‌మ్యాచ్‌లో, అంటే ఎక్కించే ముందు దాత రక్తాన్ని రోగి రక్తంతో కలిపి చూసే పరీక్షలో, దొరికిపోయేదే అంటారేమో. దొరికేదే, కానీ క్రాస్‌మ్యాచ్ చేయాల్సింది కూడా ఆ రాత్రి నేనే.

ఆ రాత్రి నా కళ్ళ ముందు ఉన్నది గడ్డ. నేను చదివింది ఉండ అని. నాకు రెండింటికీ ఒకటే పేరు కాబట్టి తేడా వెతకాలన్న ఆలోచనే రాలేదు.

గడ్డకట్టడంలో పనంతా ప్లాస్మాది. త్రాంబిన్ అనే ఎంజైము ప్లాస్మాలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ని కోసి ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ దారాలు వలలా అల్లుకుంటాయి. ఎర్రకణాలు దారినపోతూ ఆ వలలో చిక్కుకున్నవి మాత్రమే, వాటికి ఒకదానితో ఒకదానికి ఏ పట్టూ లేదు. కాల్షియం లేకపోతే ఈ పని ముందుకి సాగదు. పర్పుల్ మూత ట్యూబులో ఈడీటీఏ చేసేది ఆ కాల్షియాన్ని పట్టేసుకోవడమే.

ఉండకట్టడంలో వల లేదు. యాంటీబాడీ ఒక చేత్తో ఈ కణం మీది యాంటిజెన్‌ని (పైపొర మీది గుర్తుని), ఇంకో చేత్తో పక్క కణం మీది యాంటిజెన్‌ని పట్టుకుంటుంది. అలా పదీ వందా వేలూ జత కలిసి కంటికి కనబడే ఉండ అవుతుంది. దీనికి కాల్షియంతో పనిలేదు, కాబట్టే ఈడీటీఏ రక్తంతో గ్రూపింగ్ చేయగలుగుతున్నాం. నమ్మకం కుదరకపోతే రేపు ల్యాబులో ఇది చేసి చూడండి. ‘ఏ’ గ్రూపు కణాలని సెలైన్‌తో మూడుసార్లు కడగండి. ప్లాస్మా పోయింది, ఫైబ్రినోజెన్ పోయింది, గడ్డకట్టే దారే లేదు. ఇప్పుడు యాంటీ ఏ వేయండి. ఉండలు వస్తాయి.

ఈ శాస్త్రం మొదలైంది కూడా ఇలాగే. 1896లో వియన్నాలో గ్రూబర్, డర్హం బ్యాక్టీరియా మీద సీరం వేస్తే అవి ఉండకడుతున్నాయని గమనించారు. ఆ ఏడాదే గ్రూబర్ దగ్గర సహాయకుడిగా చేరిన కుర్ర డాక్టరు కార్ల్ లాండ్‌స్టైనర్. తర్వాత ఆయన తన రక్తమూ తోటివాళ్ళ రక్తమూ తీసి, ఒకరి సీరాన్ని మరొకరి ఎర్రకణాలతో కలిపి చూశాడు. కొన్ని జతల్లో ఉండలొచ్చాయి, కొన్నింట్లో రాలేదు. 1901లో దాన్ని ప్రకటించి రక్తాన్ని ఏ, బీ, సీ అని మూడు గ్రూపులు చేశాడు. ఆ సీ యే ఇప్పటి మన ఓ. ఏబీ మరుసటి ఏడాది బయటపడింది, నోబెల్ 1930లో వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది, ఆయన వాడింది సీరం. అంటే అప్పటికే గడ్డకట్టగా మిగిలిన ద్రవం. గడ్డకట్టడం అనే పని పూర్తయిపోయాకే ఆయన ప్రయోగం మొదలైంది.

ఇక మాట వాడకం. ఇంగ్లీషులో ఈ క్రియ రెండు వైపులా నడుస్తుంది: యాంటీబాడీ కణాలని అగ్లూటినేట్ చేస్తుంది, కణాలు వాటంతటవి అగ్లూటినేట్ అవుతాయి. తెలుగులో మనకి రెండు రూపాలు విడిగా సిద్ధంగా ఉన్నాయి. ‘కణాలు ఉండకట్టాయి’, ‘యాంటీ ఏ కణాలని ఉండకట్టించింది’. ‘రక్తం ఉండకట్టింది’ అని మాత్రం రాయకండి. ఉండకట్టేది రక్తం కాదు, కణాలు. కర్త మారిందంటే జూనియర్ బుర్రలో మళ్ళీ గడ్డే వచ్చి కూర్చుంటుంది. ల్యాబులో నోటితో ‘క్లంప్స్ వచ్చాయి’ అనే అంటాం, నేనూ అదే అంటాను, దానికి అభ్యంతరం లేదు. అగ్లూటినోజెన్, అగ్లూటినిన్ అని పాత పుస్తకాల్లో జంట పదాలుంటాయి. మొదటిది కణం మీద ఉండేది, ఉండకట్టేందుకు చోటిచ్చే యాంటిజెన్. రెండోది సీరంలో ఉండేది, ఉండకట్టించే యాంటీబాడీ. వైవాలో ఈ రెండూ తారుమారు చెప్పనివాళ్ళని నేను చూసింది తక్కువే.

‘గుచ్ఛీకరణం’ తప్పు మాటేమీ కాదు. గుచ్ఛం అంటే గుత్తి, పూలగుచ్ఛంలో గుచ్ఛం. కణాలు గుత్తులవడం అనే అర్థం సరిగ్గా సరిపోతుంది. చిక్కల్లా దాన్ని క్రియగా వాడబోతే వస్తుంది. ‘గుచ్ఛీకరించబడినవి’ అని రాస్తే చదివేవాడు ఆవులిస్తాడు. గడ్డకట్టడానికి పుస్తకాల్లో ‘స్కందనం’ అని వేరే మాట ఉంది. అంటే పుస్తకాలవాళ్ళు తేడా జాగ్రత్తగా పాటించారు, వాటిని మామూలు తెలుగులోకి దించుకునేటప్పుడు కలిపేసింది మనమే. వంటింట్లో చూడండి. పాలు విరుగుతాయి, పెరుగు తోడుకుంటుంది, నెయ్యి పేరుకుంటుంది, రవ్వ ఉండకడుతుంది. ఏ అమ్మా ‘నెయ్యి విరిగింది’ అనదు. ఇన్ని మాటలు పెట్టుకుని ల్యాబుకొచ్చేసరికి అన్నిటికీ గడ్డకట్టడం ఒక్కటే ఎందుకు?

ఉండని ఎలా చదవాలో కూడా నోట్సులో రాయండి, నిర్వచనం కంటే అదే ఎక్కువ ఉపయోగం. టైల్ మీద నీలం చుక్క యాంటీ ఏ, పసుపు చుక్క యాంటీ బీ. పక్కనే రక్తం చుక్క వేసి, ఒక్కోదానికి వేరే పుల్లతో కలిపి, టైల్‌ని అటూ ఇటూ మెల్లిగా వంచాలి. ఉండకడితే ఎరుపు విరిగి ఇటుకపొడి చల్లినట్టు అవుతుంది, మధ్యలో నీలమో పసుపో తేటగా బయటపడుతుంది. ఆ తేటదనమే అసలు గుర్తు. చాలామంది ముక్కల్ని చూస్తారు, నేపథ్యం చూడరు. రెండు నిమిషాలు దాటాక చూడకూడదు. అంచులు ఎండటం మొదలై అక్కడ కణాలు పేరుకుంటాయి, మా బ్యాచ్‌లో సగం మంది ఆ అంచుని చూసే పాజిటివ్ అనేవాళ్ళు. మన వేసవిలో ఫ్యాను కింద టైల్ పెడితే రెండు నిమిషాలు కూడా ఆగదు.

ట్యూబు పద్ధతిలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పలచటి కణాల సస్పెన్షన్‌లో యాంటీసీరం వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున ఎర్రటి బొత్తాం దిగుతుంది. ట్యూబుని వంచి మెల్లిగా కదిలించండి. బొత్తాం మొత్తం ఒకే ముద్దగా ఊడొచ్చి, పైన నీరు తేటగా ఉంటే నాలుగు ప్లస్. రెండుమూడు పెద్ద ముక్కలైతే మూడు. మధ్యరకం ముక్కలు చాలా ఉండి నీరు తేటగానే ఉంటే రెండు. సన్నటి నలుసులు, నీరు ఎర్రగా మబ్బుగా ఉంటే ఒకటి. పొగలా లేచి మొత్తం కలిసిపోతే నెగటివ్. గట్టిగా ఊపారంటే ఒకటి కాస్తా సున్నా అవుతుంది. ఒక సంగతి మరిచిపోతుంటారు: బొత్తాం అసలు లేకుండా నీరంతా పారదర్శకంగా ఎర్రబడితే అది నెగటివ్ కాదు, కణాలు పగిలాయని. అదీ పాజిటివ్ కిందే లెక్క. పొరపాటు రక్తం ఎక్కిన రోగి ఒంట్లో ముఖ్యంగా జరిగేది కూడా ఇదే. గాజు మీద ఉండకట్టే కణాలు నరంలో పగిలిపోతాయి. ‘తప్పు గ్రూపు ఎక్కితే రక్తం గడ్డకట్టి చనిపోతారు’ అని వాట్సాప్‌లో తిరిగేదాన్ని మీ నోట్సులోకి రానీయకండి.

ఉండలా కనబడి ఉండ కానివి కొన్ని ఉన్నాయి. ఫైబ్రిన్ సంగతి పైన చెప్పాను. రెండోది రూలో. కణాలు నాణేలు దొంతరగా పేర్చినట్టు ఒకదానిమీదొకటి ఆనుకుంటాయి. మైలోమా లాంటి జబ్బుల్లో సీరం ప్రోటీన్లు పెరిగినప్పుడు ఇది ఎక్కువ. మైక్రోస్కోపు కింద చూస్తే ఉండలో కణాలు ద్రాక్షగుత్తిలా అడ్డదిడ్డంగా ఉంటాయి, రూలోలో వరసగా ఉంటాయి. సీరం తీసేసి సెలైన్ పోస్తే రూలో విడిపోతుంది, ఉండ విడిపోదు.

మూడోది నిజమైన ఉండే, కానీ వేళకాని ఉండ. ఒక డిసెంబరు ఉదయం పెద్దాయన శాంపిల్ ఒకటి వచ్చింది. పర్పుల్ ట్యూబు గోడల మీద రవ్వ అతికినట్టు ఎర్రటి నలుసులు. యాంటీ ఏతో ఉండలు, యాంటీ బీతో ఉండలు, ఏ యాంటీబాడీ వేయని కంట్రోల్లో కూడా ఉండలు. పక్క గదిలో సెల్ కౌంటర్ ఎర్రకణాల సంఖ్య సగానికి తక్కువా, ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ గాఢత) మనిషికి సాధ్యంకాని అంకే చూపించింది. మిషన్ పాడైందని ఇంజనీరుకి ఫోన్ చేయబోయారు. ట్యూబుని 37 డిగ్రీల నీటిలో కాసేపు ఉంచి మళ్ళీ నడిపిస్తే అన్నీ దారికొచ్చాయి. కోల్డ్ అగ్లూటినిన్లు ఇవి, చలికి పట్టుకుని వేడికి వదిలేసే యాంటీబాడీలు. వేడిచేస్తే విడిపోయే గడ్డని ఎక్కడైనా చూశారా?

ఎందుకు అన్ని యాంటీబాడీలూ ఉండకట్టించలేవు అనే ప్రశ్న మీ జూనియర్లు తప్పకుండా అడుగుతారు. ఎర్రకణాల పైపొర మీద రుణావేశం ఉంటుంది, అందుకే అవి ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి. ఐజీఎం యాంటీబాడీ అయిదు ముక్కలు చేరిన పెద్ద అణువు, పది చోట్ల పట్టుకోగలదు, ఆ ఎడాన్ని దాటి అవతలి కణాన్ని అందుకుంటుంది. యాంటీ ఏ, యాంటీ బీ ఎక్కువగా ఈ రకమే. ఐజీజీ చిన్నది, రెండే చేతులు. కణం మీద కూర్చుంటుంది కానీ పక్కదాన్ని అందుకోలేదు. కణాలకి యాంటీబాడీ పూత పడిందే కానీ ఉండ రాలేదన్నమాట. 1945లో కూంబ్స్, అతని సహచరులు దీనికి ఉపాయం కనిపెట్టారు. ఆ ఐజీజీనే పట్టుకునే ఇంకో యాంటీబాడీ వేశారు, అది వంతెనలా పనిచేసింది, ఉండ కనబడింది. నెగటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుట్టినప్పుడు మనం చేసే కూంబ్స్ టెస్టు అదే. ‘అంటుకోవడం’, ‘ఉండకట్టడం’ రెండు వేరు మెట్లని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. యాంటీబాడీ ముందు కణానికి అంటుకుంటుంది, ఆ తర్వాత వీలైతేనే కణాలు ఉండకడతాయి.

మన దగ్గర ఈ క్రియ రోజూ పనిచేసే ఇంకో చోటు వైడాల్ టెస్టు. 1896లోనే పారిస్‌లో విడాల్ అనే వైద్యుడు తెచ్చింది. అక్కడ ఉండకట్టేవి ఎర్రకణాలు కావు, చంపిన టైఫాయిడ్ బ్యాక్టీరియా. రోగి సీరం వాటిని ఉండకట్టిస్తే పాజిటివ్ అంటాం. స్లైడు మీద నాలుగు నలుసులు కనబడగానే ‘టైఫాయిడ్ ఉంది’ అని చీటీ రాసేయడం మన ఊళ్ళలో మామూలైపోయింది. పాత జ్వరానికీ, వేరే ఇన్‌ఫెక్షన్లకీ కూడా ఆ నలుసులు రావచ్చు. నలుసు చెప్పేది యాంటీబాడీ ఉందని మాత్రమే. జ్వరం దేనివల్లో తేల్చాల్సింది బ్లడ్ కల్చర్. కీళ్ళవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్, స్ట్రెప్టోకాకస్ ఇన్‌ఫెక్షన్‌కి చేసే ఏఎస్‌ఓ స్లైడుల్లో ఉండకట్టేవి లేటెక్స్ గింజలు. పాతకాలపు గర్భ పరీక్షలో ఇంకో తమాషా, అక్కడ ఉండ రాకపోతే గర్భం ఉన్నట్టు. మూత్రంలోని హార్మోను ముందే యాంటీబాడీని పట్టేసుకునేది కాబట్టి గింజలు ఉండకట్టేవి కావు.

డెంగీ సీజన్లో ఇది తప్పక గుర్తుపెట్టుకోండి. కొందరి రక్తంలో ఈడీటీఏ సమక్షంలో ప్లేట్‌లెట్లు ఉండకడతాయి. మిషన్ ఆ ఉండని ప్లేట్‌లెట్టుగా లెక్కపెట్టదు, రిపోర్టులో అంకె 20 వేలకి పడిపోతుంది, ఇంట్లోవాళ్ళు ఏడుపులు మొదలుపెడతారు. స్మియర్ (గాజు పలక మీద పరిచిన రక్తపు పొర) చూస్తే అంచున గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. సిట్రేట్ ట్యూబులో మళ్ళీ తీస్తే చాలామందిలో లెక్క దారికొస్తుంది. ఇక్కడ కూడా ‘శాంపిల్ గడ్డకట్టింది’ అని రాసి పంపితే మళ్ళీ ఈడీటీఏలోనే తీసి పంపుతారు, మళ్ళీ అదే అంకె. ‘ప్లేట్‌లెట్లు ఉండకట్టాయి, సిట్రేట్‌లో పంపండి’ అని రాయాలి.

గింజల సంగతి అడగకపోయినా చెబుతాను, క్లాసులో నాకు ఇష్టమైన భాగం ఇది. ఉండకట్టించడానికి యాంటీబాడీయే కానక్కర్లేదు. 1888లో స్టిల్‌మార్క్ అనే పరిశోధకుడు ఆముదం గింజల సారం ఎర్రకణాలని ఉండకట్టిస్తుందని చూశాడు, లాండ్‌స్టైనర్ కంటే ముందే. గురివింద గింజలదీ అదే గుణం. రెండూ ప్రాణం తీసే విషాలు, ప్రయోగం చేయబోకండి. ఇక మన ఉలవలు. 1951లో బర్డ్ అనే ఆయన, ఉలవల సారం ‘ఏ’ గ్రూపు కణాలని ఉండకట్టిస్తుందని, అందులో ఏ1 అనే ఉపవర్గాన్ని గట్టిగా పడుతుందని చూపించాడు. తగినంత పలచన చేస్తే ఏ1ని పట్టుకుని ఏ2ని వదిలేస్తుంది. ఫ్రిజ్‌లో ‘యాంటీ ఏ1 లెక్టిన్’ (కణాల మీది చక్కెరలని పట్టే ప్రోటీన్లని లెక్టిన్లంటారు) అని మనం వందలు పోసి కొనే సీసాలో ఉన్నది ఉలవల్లోని ఆ ప్రోటీనే. మరి ‘ఏ’ గ్రూపువాళ్ళు ఉలవచారు తాగొచ్చా అని ఒక అమ్మాయి చాలా గంభీరంగా అడిగింది. గంటలకొద్దీ ఉడికిన ఉలవల్లో ఆ ప్రోటీను పని ఎప్పుడో అయిపోతుంది. నాది ‘ఏ’ గ్రూపే, వెన్న వేసుకుని మరీ తాగుతాను.

చివరిగా భాష గురించి. మాట ఒకటే. లాటిన్‌లో గ్లూటెన్ అంటే జిగురు, గోధుమపిండిలో గ్లూటెన్ కూడా ఆ కుటుంబమే. భాషావేత్తలు దీన్ని రక్తంవాళ్ళ కంటే ముందే, 19వ శతాబ్దం తొలి సగంలోనే వాడుకలో పెట్టారు. వాళ్ళ పోలికా మన ఉండకి బాగానే సరిపోతుంది. ఉండలో కణాలు కరిగిపోవు, దేని పొర దానికే ఉంటుంది, లెక్కపెట్టొచ్చు. తెలుగు మాటలో కూడా అంతే. ‘చెట్లకి’ తీసుకోండి. చెట్టు ఒక కణం, బహువచనం చెప్పే ‘ల’ ఇంకోటి, విభక్తి చెప్పే ‘కి’ మరొకటి. సంస్కృతంలో అదే పని చేసే ‘వృక్షేభ్యః’లో బహువచనం ఎక్కడ అయిపోయి విభక్తి ఎక్కడ మొదలైందో విడదీయలేం, రెండూ ఒకే ముక్కలో కరిగాయి. ‘చెప్పలేకపోయినవాళ్ళకి’ అన్నది మా లెక్కలో నాలుగు ప్లస్. చెట్టు కాస్తా ‘చెట్’ అయిందేమిటి, పొర చిరిగింది కదా అని ఎవరైనా అడిగితే, సంధి జరిగిన చోట అతుకు దగ్గర కొంచెం నలగడం మామూలే అని చెప్పండి. నోట్సులో మాత్రం ఈ పేరా పెట్టకండి, పరీక్షలో రాదు. మొదటిసారి మాట వచ్చినచోట ‘ఉండకట్టడం’ అని రాసి, పక్కనే ‘గుచ్ఛీకరణం’ అనీ ‘అగ్లూటినేషన్’ అనీ కూడా ఇవ్వండి. ప్రశ్నపత్రంలో వచ్చేవి ఆ రెండే.